ఏడు కుట్లు

పొద్దు పొడిచి సరిగ్గా మూడు ఘడియలైంది. కోట బురుజు మీద గంట మూడుసార్లు మోగి ఆగింది. సింగమ్మ అరుగు మీద కూర్చుని కలబంద మట్టను కత్తిపీటతో నిలువునా చీల్చింది. పసుపుపచ్చని రసం కారిపోయేదాకా మట్టను గోడకు వాల్చి ఉంచింది. తర్వాత లోపలి గుజ్జును గీరి చిప్పలోకి తీసింది.

ఎదురుగా ఆమె మొగుడు ఓబన్న సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. అతను కోటలో రాజుగారి బట్టలు కుట్టేవాడు. అతని మెడ మీద నాలుగు, మోచేతి దగ్గర రెండు దోమకాట్లు ఎర్రగా లేచి ఉన్నాయి.

"గోకొద్దంటే వినవు కదా! గోరు తగిలిన చోటల్లా పుండవుతుంది."

"నేనెక్కడ గోకినానే? చెయ్యే పోతాంది."

"ఆ చెయ్యి ఎవరిది?"

సింగమ్మ తడిగుడ్డ పిండి అతని మెడ మీద వేసింది. కాసేపు ఆగి, గుడ్డ తీసి, గుజ్జును రుద్దకుండా వేలితో అద్దింది. అతను హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

ఇదంతా గండిమిట్ట రాజ్యంలో సంగతి. చాలా చిన్న రాజ్యం. పొద్దున గుర్రమెక్కి బయల్దేరినవాడు మధ్యాహ్నం భోజనానికి పొరుగు రాజ్యంలో ఉంటాడు. రాజ్యం తరిగిన కొద్దీ రాజుగారి బిరుదులు పెరుగుతూ వచ్చాయి. అప్పట్లో ఏలుతున్న రణభీమ నాయనివారికి ముప్పై రెండు బిరుదులు. సభలో వాటిని చదివే మనిషి మధ్యలో ఒకసారి ఆగి మంచినీళ్ళు తాగేవాడు.

రాజుగారికి తన రూపమంటే మహా ఇష్టం. విహార మంటపం చుట్టూ నలభై ఇత్తడి గంగాళాలు పెట్టించి, నీళ్ళు నింపించారు. ఎటు తిరిగినా తన ముఖమే కనబడాలి. నీళ్ళు కదిలితే ప్రతిబింబం చెదురుతుందని వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకోక రెండు నెలలైంది. ఆ రెండు నెలల్లో ఆ నీళ్ళలో ఏం పుట్టాలో అవి పుట్టాయి.

ఆ ముందురోజు సాయంకాలం రాజుగారు మంటపంలో అతిథుల ముందు విల్లు ఎక్కుపెట్టి చూపించారు. విల్లు వంగలేదు గానీ అంగరఖా భుజం దగ్గర చిరిగింది. ఓబన్నను పిలిపించారు.

"సామీ, ఒంటి మీద ఉండంగా బట్ట కుట్టగూడదు. తీసి ఇప్పించండి, చిటికెలో కుడతా" అన్నాడు ఓబన్న.

అతిథుల ముందు అంగరఖా విప్పడం రాజుగారికి నామోషీ.

"కుట్టు!" అన్నారు.

కుట్టాడు. పని ముగించి దణ్ణం పెట్టి ఇంటికొచ్చాడు. అతని సంగతి అంతవరకే. అతను వెళ్ళాక, దీపాలు పెట్టే వేళకు, గంగాళాల్లోంచి లేచినవి వచ్చి రాజుగారి మీద వాలాయి.

ఓబన్న మెడ మీద గుజ్జు ఇంకా ఆరలేదు. కోట తలారి గంగులప్ప నలుగురు భటులతో వాకిట్లోకి వచ్చాడు. చేతిలో తాటాకు ఉంది.

"ఓబన్నా, ఒక్క మాట అడుగుతా. ఉన్నదున్నట్టు చెప్పు. నిన్న సాయంకాలం ఏలినవారి ఒంటి మీద కుట్టింది నువ్వేనా?"

"నేనే తలారన్నా. వద్దన్నా కుట్టమన్నారు."

"ఎన్ని?"

"ఏడో ఎనిమిదో."

గంగులప్ప తాటాకును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఏడని రాసుంది."

"అయితే ఏడే."

"ఇంకేం, ఒప్పుకున్నాడు. కట్టండ్రా చేతులు!"

సింగమ్మ చివాల్న లేచింది. "ఎందుకు కడతారు? ఏం రాసుంది దాంట్లో? చదువు!"

గంగులప్ప చదివాడు. "నిన్నటి దినం సాయంకాలం విహార మంటపంలో ఏలినవారిని ఏడు చోట్ల కుట్టినవారెవరో వారిని పట్టి బంధించి, పొద్దెక్కక ముందే సభకు తేవలెను."

సింగమ్మ మొగుడి మెడ మీది దద్దుర్ల వంక చూసింది. అంతా అర్థమైంది. అర్థమైన కొద్దీ కోపం అరికాలి నుంచి పైకెక్కింది.

"తలారన్నా, నీకు బుద్ధి ఉందా? కుట్టినది దో..."

గంగులప్ప గబుక్కున చెయ్యి ఎత్తి ఆమె మాటకు అడ్డం పడ్డాడు. "ఆ పేరు ఎత్తకమ్మా! నాకూ పెళ్ళాం బిడ్డలున్నారు."

ఆ రాజ్యంలో ఒక మర్యాద ఉండేది. ఏలినవారిని తలచుకున్న వాక్యంలో పశువు పేరు గాని పురుగు పేరు గాని రాకూడదు. కిందటేడు ఒక గుర్రాలవాడు 'ఏలినవారిని గుర్రం పడదోసింది' అన్నాడు. అన్న రోజే అతన్ని పెళ్ళాంతో, చంటిబిడ్డతో పొలిమేర దాటించారు. 'ఏలినవారు భూమిని అనుగ్రహించారు' అనాలట. నిన్న రాజుగారు కోపంతో కేకలేసింది "నన్ను కుట్టినవాటిని ఒక్కదాన్ని వదలకుండా పట్టి తెండి!" అనే. ఆజ్ఞలు రాసే రాయసం అందులోంచి పురుగును తీసేశాడు. 'వాటిని' అన్నది 'వారిని' అయింది. రాసినవాడికి తెలుసు. మోసుకొచ్చినవాడికి తెలుసు. అయినా చేతులు కట్టారు.

సింగమ్మ వెంట నడిచింది. చేతిలో గుజ్జు చిప్ప అలాగే ఉంది. ఆ సంగతి ఆమె గమనించలేదు.

సభ నిండుగా ఉంది. రాజుగారు సింహాసనం మీద, వీపు గోక్కునే దంతపు చెయ్యితో మోచేతులు గోక్కుంటున్నారు. మెడ దాకా, చెవుల దాకా తెల్లని లేపనం పట్టించి ఉంది. ముత్యాల భస్మం, కర్పూరం, మిరియాల నూనె కలిపి ఆస్థాన వైద్యుడు త్ర్యంబక భట్టు తయారుచేసిన లేపనం అది. పూసిన దగ్గర్నుంచి దురదకు మంట తోడైంది. భట్టు పక్కనే నిలబడి, గంభీరంగా తల ఊపుతున్నాడు. సభలో కూర్చున్నవాళ్ళకు కూడా కాట్లున్నాయి. రాజు ఎదుట గోక్కోకూడదు కనుక అందరూ పళ్ళు బిగించి బొమ్మల్లా కూర్చున్నారు.

గంగులప్ప ఓబన్నను ముందుకు నెట్టాడు. "ఏలినవారిని కుట్టినవాడు. ఏడని తనే ఒప్పుకున్నాడు."

దంతపు చెయ్యి ఆగింది. రాజుగారు తన దర్జీని చూశారు. పదేళ్ళుగా చూస్తున్న మనిషి. ఏం జరిగిందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, రాజుగారితో సహా. పొరపాటు జరిగింది అని ఒక్క మాట అంటే అయిపోయేది. ముప్పై రెండు బిరుదులున్నాయి గానీ ఆ ఒక్క మాట ఆయనకు రాలేదు.

"మా ఆజ్ఞ వృథా పోదు" అన్నారు రాజుగారు. "కుట్టింది ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి సామీ" అన్నాడు ఓబన్న. అతనికి ఇంకా ఏమీ అర్థం కాలేదు.

"ఆ చేతి బొటనవేలు తీయించండి. ఈ పూటే."

ఓబన్నకు అప్పుడు అర్థమైంది. బొటనవేలు లేని దర్జీ సూది పట్టలేడు. సూది పట్టకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

సింగమ్మ సభవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. మంత్రి నేల చూస్తున్నాడు. రాయసం గంటం చూస్తున్నాడు. భట్టు రాజుగారి మోచెయ్యి చూస్తున్నాడు. వీళ్ళందరి చొక్కాలూ ఆ వేలు కుట్టినవే. దోమ దోమ దోమ అని గొంతు చించుకుని అరవాలనిపించింది. అరిస్తే తనను పొలిమేర దాటిస్తారు, వేలు మాత్రం పోనే పోతుంది. ఆ మాట తను అనకూడదు. సభలో అనగలిగినవాడు అనాలి.

కోపాన్ని గొంతులోనే అదిమిపెట్టి, చెంగు భుజాల చుట్టూ కప్పుకుని ముందుకొచ్చింది.

"ఏలినవారి ఆజ్ఞ తప్పని నేనెట్లంటాను సామీ? కుట్టింది మా ఆయనే. ఒప్పుకున్నాడు కూడా. వేలు తీయించండి. కాకపోతే, తీయించే ముందు ఒక్క మనవి."

"చెప్పు."

"మా కుట్టుపనివాళ్ళలో ఒక కట్టుబాటుంది. కుట్టు చెడితే కుట్టిన చెయ్యే విప్పాలి. ఇంకో చెయ్యి పడితే గుడ్డ పాడవుతుంది. మా ఆయన ఏలినవారి ఒంటి మీద ఏడు కుట్లు వేసినాడు. అవి ఇంకా అట్లాగే ఉన్నట్టున్నాయి. వేలు తీసేసినాక వాటిని ఎవరు విప్పేది సామీ?"

రాజుగారి చేతిలో దంతపు చెయ్యి మళ్ళీ కదిలింది. మోచేతి మీద, తర్వాత మెడ వెనక. నిన్న సాయంకాలం నుంచి ఆయనకు కునుకు లేదు.

"విప్పితే?" అన్నారు.

"ఏలినవారి చేతికి ఈ శ్రమ తప్పుతుంది."

త్ర్యంబక భట్టు గొంతు సవరించుకున్నాడు. "మహాప్రభూ, లేపనం ఇంకా పని చేయవలసి ఉంది. శాస్త్ర ప్రకారం మూడు దినాలు..."

"మూడు దినాలా!" రాజుగారు ఉరిమారు. "విప్పించండి!"

ఓబన్న చేతులు విప్పారు. సింగమ్మ ఒక చెంబుతో బావినీళ్ళు, ఉతికిన గుడ్డ అడిగి తెప్పించింది. అప్పటికి గాని తన చేతిలో చిప్ప ఉన్న సంగతి ఆమెకు తెలియలేదు.

"ముందు ఆ తెల్లదంతా కడుగు" అంది మొగుడితో.

"నా చేతులు వణుకుతున్నాయే."

"వణకనీ. వేళ్ళు పదీ ఉండంగానే వణకనీ. రుద్దొద్దు. గుడ్డ తడిపి పైన పెట్టు. నేను నూరు లెక్కపెడతా, అంతదాకా తీయొద్దు."

ఆమె లెక్కపెట్టింది. సభంతా వింటోంది. నూరయ్యాక ఓబన్న గుడ్డ తీసి, గుజ్జును వేలి కొసతో ఒక్కో దద్దురు మీద అద్దాడు. మోచేతుల మీద నాలుగు, మెడ మీద రెండు, చెవి కింద ఒకటి. కుడిచేతి బొటనవేలితోనే అద్దాడు.

రాజుగారి కనుబొమలు మెల్లగా కిందికి దిగాయి. భుజాలు సడలాయి. దంతపు చెయ్యి జారి ఒళ్ళో పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

"ఆహా" అన్నారు, కళ్ళు మూసుకుని.

ఆ 'ఆహా' త్ర్యంబక భట్టు గుండెల్లో గుచ్చుకుంది. తన లేపనానికి రాజుగారు ఏనాడూ ఆహా అనలేదు. గబగబా దిగొచ్చి చిప్పలోకి తొంగి చూశాడు. వాసన చూశాడు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"మోసం! పచ్చి మోసం మహాప్రభూ! విప్పడమూ లేదు, గిప్పడమూ లేదు! ఇది కలబంద! పెరట్లో పెరిగే కలబంద! వంటింటి వైద్యం!"

"అదేంది సామీ అట్లంటారు?" అంది సింగమ్మ. "మాకేం తెలుసు వైద్యం? మీరు చెప్పండి. దీన్ని దేనికి పూస్తారు?"

"దేనికి పూస్తారా? ఏ కొంపలో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది! దోమ కుడితే పూస్తారు!"

సభలో ఎవరో ఊపిరి పీల్చి వదల్లేదు.

"దేనికి?" అంది సింగమ్మ. "నాకు సరిగ్గా వినపడలేదు."

"దోమకాటుకే తల్లీ, దోమకాటుకే! ఇంకెన్నిసార్లు చెప్పాలి? ఏలినవారికి నెమ్మదించింది అందుకే గాని..."

అక్కడ భట్టు ఆగాడు. ఏ వాక్యంలో ఎవరిని దేనితో కలిపాడో అప్పుడు తెలిసొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సింగమ్మ రాజుగారి వైపు తిరిగింది. ఆమె గొంతు పెద్దది కాలేదు. ఇంకా చిన్నదైంది.

"సామీ, నేను చదువుకోలేదు. మీరే తీర్పు చెప్పండి. వైద్యులవారు అన్నది నిజమైతే, కుట్టింది మా ఆయన కాదు, భట్టుగారు చెప్పినదే. కాబట్టి వేలు మాది. వైద్యులవారు అన్నది అబద్ధమైతే, మా ఆయన ఏడు కుట్లూ విప్పేసినాడు. కుట్టే లేనప్పుడు కుట్టినవాడు ఎక్కడున్నాడు? అప్పుడూ వేలు మాదే."

రాజుగారు కళ్ళు తెరిచారు. ఆమెను చూశారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న వైద్యుణ్ణి చూశారు. ఆజ్ఞ వృథా పోలేదు, తప్పూ ఒప్పుకోనక్కర్లేదు, దురదా పోయింది. ఆయన పొట్ట ముందు కదిలింది. తర్వాత భుజాలు. ఆపైన పగలబడి నవ్వారు.

రాజు నవ్వాడు కనుక మంత్రి నవ్వాడు. మంత్రి నవ్వాడు కనుక సభంతా నవ్వింది. ఆ సందట్లో ఎవరు మొదలుపెట్టారో గాని, నవ్వుతూ నవ్వుతూ అందరూ బరబరా గోక్కోవడం మొదలుపెట్టారు. రాయసం గంటంతో వీపు గోక్కున్నాడు.

"భట్టూ, మర్యాద తప్పావయ్యా!" అన్నారు రాజుగారు, కళ్ళు తుడుచుకుంటూ. "పోనీలే. నోరు జారింది. మన్నించాం."

గుర్రాలవాడి నోరు కూడా జారిందే కదా అనుకుంది సింగమ్మ. ఆ చంటిబిడ్డ ముఖం ఆమె కళ్ళ ముందు మెదిలింది. ఆ సభలో నవ్వనిది ఆమె ఒక్కతే.

"నీ యుక్తికి మెచ్చాం. ఏం కావాలో కోరుకో" అన్నారు రాజుగారు.

"ఏమొద్దు సామీ. తెచ్చుకున్నది తీసుకుని పోతున్నాం."

"మేము కోరుకోమన్నాక వద్దనకూడదు!"

అయితే సరే అనుకుంది. "మంటపం చుట్టూ గంగాళాలున్నాయి కదా సామీ. ఆ నలభైలోనూ నీళ్ళు పారబోయించండి. రాత్రికి మీరూ నిద్రపోతారు, మేమూ నిద్రపోతాం."

రాజుగారి నవ్వు కొంచెం తగ్గింది. ఆలోచించారు. "ఇరవై" అన్నారు.

"నలభై సామీ. ఇరవైలో పుట్టినవి సగమే కుట్టి ఊరుకోవు."

మళ్ళీ నవ్వారు. "సరే, నలభై!" అన్నారు. పైపెచ్చు ఓబన్నకు ఒక పట్టు శాలువా కప్పించారు. దాని అంచు ఎవరో వంకరగా కుట్టారు. ఓబన్న వేలు అలవాటుగా ఆ అంచును తడుముతూనే ఉంది.

ఇంటి దారిలో ఓబన్న అన్నాడు.

"ఒక్కసారన్నా నవ్వొచ్చు కదే. రాజే నవ్వినాడు."

"రాజు నవ్వక ఏం చేస్తాడు? వేలు ఆయనది కాదు." సింగమ్మ ఆగి, అతని కుడిచెయ్యి పట్టుకుని చూసింది. "ఆ రాజుకు నేను తెచ్చిన గుజ్జు చల్లగా తగలకపోయుంటే? భట్టు నోరు మూసుకొని ఉండుంటే? అంతమంది మొగోళ్ళు కూర్చున్నారే. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, లేచి అది దోమ సామీ అన్నాడా?"

"భయం కదే."

"నాకు లేదా భయం?"

ఆ సాయంకాలం కోటలో నలభై గంగాళాలూ బోర్లించారు. ఊరంతా రాజుగారి చమత్కార ప్రియత్వం గురించి చెప్పుకున్నారు. ముప్పై మూడో బిరుదు ఏమివ్వాలా అని పండితులు కూర్చున్నారు.

తొమ్మిదో రోజున దారాలు అమ్ముకునే సిద్దయ్య రాజ్యమంతా చుట్టి వచ్చి, ఓబన్న ఇంటి అరుగు మీద మూట దించాడు. నీలం దారం కండెలు తీసి చూపిస్తూ, ఆ మాటా ఈ మాటా మధ్య ఒక సంగతి చెప్పాడు. ఆ రోజు రాయసం రాసింది ఒక్క తాటాకు కాదు, మూడు. ఒకటి కోటకు, ఒకటి తూరుపు ఠాణాకు, ఒకటి పడమటి ఠాణాకు. సభలో సంగతి నవ్వులతో తేలిపోయింది కనుక రద్దు చేస్తూ ఎవరూ ఏమీ రాయలేదు. తూరుపు ఠాణావాళ్ళు విస్తళ్ళు కుట్టే నాగులమ్మను పట్టుకుపోయారు. పడమటి ఠాణావాళ్ళు చెప్పులు కుట్టే ఎర్రన్నను పట్టుకుపోయారు. ఎందుకు పట్టుకున్నారో పట్టుకున్నవాళ్ళకూ తెలియదు. ఆమెను ఆరో రోజున, అతన్ని ఎనిమిదో రోజున, తిండి పెట్టలేక విడిచిపెట్టారు. బయటికి వచ్చేనాటికి ఇద్దరి చేతులూ దోమకాట్లతో మోచేతుల దాకా వాచి ఉన్నాయి.